‘అధ్యక్షా’ అన్న పిలుపు వెనుక: నగర సభను నడిపేవారి అధికారం ఎక్కడిది, ఎంతవరకు

నగర పాలక మండలి సమావేశంలో ఒక సభ్యుడు ఎదుటి వరుసలో కూర్చున్న ప్రత్యర్థిని ఎంత తీవ్రంగా ఖండించదలచినా, మాట మొదలుపెట్టవలసింది ‘అధ్యక్షా’ అనే. ప్రత్యర్థి వైపు తిరిగి నేరుగా సంబోధించకూడదు. చెప్పదలచినదంతా పీఠం మీద ఉన్న వ్యక్తికి చెప్పాలి, ఆ వ్యక్తి ద్వారానే అది సభకు చేరాలి. పైకి పాతకాలపు మర్యాదలా కనిపించే ఈ నియమం చేసే పని చాలా పెద్దది. ఇద్దరు మనుషుల మధ్య తగాదాగా చెలరేగగల విషయాన్ని అది మొత్తం సభ తేల్చవలసిన ప్రశ్నగా మారుస్తుంది. నగర సభను నడిపేవారి పదవికి మూలం ఇక్కడే ఉంది. ఆ పీఠానికి సొంతంగా చెప్పదలచుకున్నది ఏదీ లేదనీ, అందరి మాటా తన గుండా సాగనిచ్చేందుకే అది ఉందనీ సభ్యులు నమ్మితేనే ఆ పిలుపుకు అర్థం ఉంటుంది. ఆ నమ్మకం ఎలా నిలుస్తుంది, ఎక్కడ చెదురుతుంది అన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

అసలు ఆ పీఠం మీద కూర్చునేది ఎవరు అన్న ప్రశ్నకు ఒక్కో నగరంలో ఒక్కో సమాధానం వస్తుంది; సామాన్య పౌరుడికి ఎదురయ్యే గందరగోళంలో ఎక్కువ భాగం అక్కడే పుడుతుంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌ను చూడవచ్చు. అక్కడి ‘లార్డ్ మేయర్’ హారం ధరించి నగర ప్రథమ పౌరుడి హోదాలో వేడుకలకు హాజరవుతారు, కౌన్సిల్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు, కానీ పాలనా విధానాలను నిర్ణయించరు. ఆ పని ‘కౌన్సిల్ లీడర్’ది. ఈ ఇద్దరూ గాక, చుట్టుపక్కల ప్రాంతాలను కూడా కలుపుకొన్న విశాల నగర ప్రాంతానికి 2017 నుంచి ప్రజలు నేరుగా ఎన్నుకునే మేయర్ ఒకరు ఉన్నారు. ‘మేయర్ ఇలా చేశారు’ అని ఎవరైనా అన్నప్పుడు ఆ మేయర్ సభను నడిపేవారా, నగరాన్ని నడిపేవారా, రెండూ కానివారా అని ముందుగా తేల్చుకోకపోతే తర్వాత జరిగే చర్చంతా దారి తప్పుతుంది.

కాబట్టి మూడు పాత్రలను విడివిడిగా గుర్తుంచుకోవాలి. మొదటిది నగరానికి గౌరవ ప్రతినిధిగా ఉండే పాత్ర. రెండవది కార్యనిర్వాహక పాత్ర, అంటే బడ్జెట్ ప్రతిపాదించడం, అధికారులను నియమించడం, పనులు చేయించడం. మూడవది సభను నడిపే పాత్ర. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసిన నగరాలు ఉన్నాయి, ముగ్గురికి పంచిన నగరాలూ ఉన్నాయి. ముంబైలో 1888 నాటి మున్సిపల్ చట్టం కార్యనిర్వాహక అధికారాన్ని కమిషనర్ చేతిలో ఉంచింది, సభాధ్యక్షత మేయర్‌కు దక్కింది. షికాగోలో నగర పాలన అంతా తన చేతిలో ఉన్న మేయరే కౌన్సిల్ సమావేశాలకూ అధ్యక్షత వహిస్తారు. అమెరికాలో ఇంకొక పద్ధతి ఉంది: వరదలకు అతలాకుతలమైన డేటన్ నగరం 1914లో ఒక వృత్తినిపుణుడైన మేనేజర్‌కు పాలనను అప్పగించింది, ఆ తర్వాత ఎన్నో నగరాలు ఆ దారి పట్టాయి, అలాంటి నగరాల్లో మేయర్ ప్రధానంగా సభాధ్యక్షుడే. నెదర్లాండ్స్‌లో నగర సభకు మేయర్ అధ్యక్షత వహిస్తారని రాజ్యాంగమే చెబుతుంది, కానీ ఆ మేయర్ ప్రజలు ఎన్నుకున్నవారు కారు, రాజశాసనం ద్వారా నియమితులయ్యేవారు. సభలో మాట్లాడవచ్చు గానీ వారికి ఓటు లేదు. దక్షిణాఫ్రికాలో 1998 నాటి మున్సిపల్ నిర్మాణాల చట్టం ప్రతి కౌన్సిల్‌కూ ‘స్పీకర్’ అనే అధ్యక్షుడు ఉండాలని, కౌన్సిల్ కనీసం మూడు నెలలకొకసారి సమావేశమయ్యేలా చూడటం, సభ్యుల ప్రవర్తనా నియమావళి అమలును కనిపెట్టడం ఆ స్పీకర్ విధులని స్పష్టంగా రాసింది. ఇటలీలో 15,000కు మించి జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో మేయర్ కాకుండా సభ ఎన్నుకున్న వేరొక అధ్యక్షుడు సభ నడపాలి.

ఈ వైవిధ్యం చరిత్ర వల్ల వచ్చిందే అయినా, దాని అడుగున ఒకే చిక్కు కనిపిస్తుంది. లెక్క చెప్పవలసినవారే లెక్క అడిగే సభను నడపవచ్చా? మేయర్ చేసిన ఖర్చుపై ఒక సభ్యుడు ప్రశ్న వేయదలచాడనుకుందాం. ఆ సభ్యుడికి మాట్లాడే అవకాశం ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంతసేపు, ఆ ప్రశ్న విషయానికి సంబంధించినదా కాదా అని నిర్ణయించేది కూడా ఆ మేయరే అయితే, నిర్ణయం ఎంత న్యాయంగా ఉన్నా అనుమానం మిగులుతుంది. ఫ్రెంచ్ చట్టం ఈ చిక్కును సూటిగా గుర్తించింది. అక్కడ కౌన్సిల్‌కు మామూలుగా మేయరే అధ్యక్షులు. కానీ గడచిన ఏడాది జమాఖర్చుల లెక్క చర్చకు వచ్చే సమావేశానికి సభ మరొకరిని అధ్యక్షుడిగా ఎన్నుకోవాలి. మేయర్ ఆ చర్చలో పాల్గొనవచ్చు, ఓటింగ్ వేళకు మాత్రం గది నుంచి బయటికి వెళ్లిపోవాలి. ఏడాదిలో ఒక్కసారి తలుపు బయట నిలబడవలసిన ఆ కొద్ది నిమిషాల్లో, మూడు పాత్రలను ఎందుకు వేరు చేయాలన్న వాదన అంతా ఇమిడి ఉందని నా అభిప్రాయం. టొరంటో మరో మార్గాన్ని ఎంచుకుంది: 2006 చివరి నుంచి అక్కడ సభ్యుల్లో ఒకరు స్పీకర్‌గా సభను నడుపుతున్నారు, మేయర్ తన స్థానంలో కూర్చుని తన విధానాల కోసం వాదిస్తారు.

‘స్పీకర్’ అనే మాట మరో అపార్థానికి దారితీస్తుంది. బ్రిటన్ పార్లమెంటు సంప్రదాయం నుంచి వచ్చిన అర్థంలో స్పీకర్ పార్టీని పక్కనపెట్టి నిష్పాక్షికంగా ఉండవలసినవారు. న్యూయార్క్ సిటీ కౌన్సిల్ స్పీకర్ అలా కారు. ఆ నగరంలో ఒకప్పుడు ‘సిటీ కౌన్సిల్ ప్రెసిడెంట్’ను నగర ఓటర్లందరూ ఎన్నుకునేవారు, 1993లో ఆ పదవి పేరు ‘పబ్లిక్ అడ్వకేట్’గా మారింది. 51 మంది సభ్యులున్న కౌన్సిల్ తనలోంచి ఎన్నుకునే స్పీకర్, మెజారిటీ పక్షానికి నాయకత్వం వహించే రాజకీయ నేత. ఏ బిల్లు ముందుకు కదలాలో, ఏ కమిటీలో ఎవరుండాలో ప్రభావితం చేసే స్థానం అది. మేయర్‌కు ఎదురు నిలవగల మరో అధికార కేంద్రం ఉండాలన్నది అక్కడి ఆలోచన. ఒకే పదవీ నామం ఒకచోట మౌనాన్ని, మరొకచోట నాయకత్వాన్ని కోరుతుంది. ఒక నగరపు స్పీకర్‌ను ‘పక్షపాతి’ అని నిందించే ముందు, ఆ నగర చట్టం ఆ పదవి నుంచి దేన్ని కోరిందో చూడటం న్యాయం.

అధ్యక్ష స్థానం చేతిలో నిజంగా ఏముంటుంది

పత్రికల్లో ఎక్కువగా వినిపించేది నిర్ణాయక ఓటు, అంటే ఓట్లు సమానమైనప్పుడు అధ్యక్షుడు వేసే కాస్టింగ్ ఓటు గురించే. కానీ అది అరుదుగా అవసరపడే ఆయుధం. సభాధ్యక్షుడి అసలు బలం రోజువారీగా, ఎవరూ పెద్దగా గమనించని చోట్ల పనిచేస్తుంది.

మొదటిది మాట్లాడే అవకాశం. చేయెత్తిన పదిమందిలో ఎవరి పేరు ముందు పిలవాలి అన్నది చిన్న నిర్ణయంలా కనిపిస్తుంది. ఒక తీర్మానంపై సవరణ ప్రతిపాదించదలచిన సభ్యుడికంటే ముందు, చర్చను ముగించాలని కోరబోయే సభ్యుడిని పిలిస్తే ఆ సవరణ సభ ముందుకు రాకుండానే పోవచ్చు. అందుకే మంచి నియమావళులు ఈ విచక్షణను కట్టడి చేస్తాయి: ప్రతిపాదించినవారికి మొదటి అవకాశం, ఇంకా మాట్లాడనివారికి ఇప్పటికే మాట్లాడినవారికంటే ప్రాధాన్యం, వీలైనంతవరకు అనుకూల ప్రతికూల వాదనలకు వంతులవారీ అవకాశం.

రెండవది అజెండా. ఏ అంశం ఏ క్రమంలో వస్తుందన్నది చాలాసార్లు ఫలితాన్నే నిర్ణయిస్తుంది. వివాదాస్పదమైన భూ వినియోగ మార్పును అర్ధరాత్రి దాటాక, ప్రేక్షకుల గ్యాలరీ ఖాళీ అయ్యాక, సభ్యులు అలసిపోయాక చర్చకు తెస్తే దానికి దక్కే పరిశీలన వేరు, సాయంత్రం మొదటి అంశంగా తెస్తే దక్కే పరిశీలన వేరు. అజెండాను ఎవరు ఖరారు చేస్తారన్నది కొన్నిచోట్ల సభాధ్యక్షుడి చేతిలో, కొన్నిచోట్ల కార్యదర్శి లేదా ముఖ్య అధికారి చేతిలో, మరికొన్నిచోట్ల ఒక కమిటీ చేతిలో ఉంటుంది. దీనికి చట్టాలు వేసిన హద్దులూ ఉన్నాయి. కాలిఫోర్నియాలో 1953లో వచ్చిన బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం సాధారణ సమావేశపు అజెండాను కనీసం 72 గంటల ముందు ప్రజలకు కనిపించేలా ఉంచాలి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప అందులో లేని అంశంపై సభ నిర్ణయం తీసుకోరాదు. ఇంగ్లండ్‌లో సమావేశం జరపడానికే అధ్యక్షుడు ఇష్టపడకపోతే ఏం చేయాలో 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం చెప్పింది: ఐదుగురు సభ్యులు రాతపూర్వకంగా ప్రత్యేక సమావేశం కోరినప్పుడు అధ్యక్షుడు నిరాకరించినా, ఏడు రోజుల్లో పిలవకపోయినా, ఆ సభ్యులే సమావేశాన్ని పిలవవచ్చు. సభ తలుపుకు తాళం వేసే అధికారం పీఠానికి లేదన్న సూత్రం ఈ ఐదుగురి నిబంధన వెనుక ఉంది.

మూడవది వాయిదా వేసే అధికారం. ప్రతికూల ఓటు తప్పదని తెలిసినప్పుడు గందరగోళం నెపంతో సభను వాయిదా వేయాలన్న కోరిక ఏ అధ్యక్షుడికైనా కలగవచ్చు. ఆ కోరికకు లొంగితే ఏమవుతుందో షికాగో చరిత్ర చూపిస్తుంది, కాబట్టి దాన్ని కాస్త వివరంగా చూడాలి.

1983 ఏప్రిల్‌లో హెరాల్డ్ వాషింగ్టన్ షికాగోకు తొలి నల్లజాతి మేయర్‌గా ఎన్నికయ్యారు. 50 మంది సభ్యులున్న కౌన్సిల్‌లో ఆయనను వ్యతిరేకించే వర్గానికి 29 మంది బలం ఉంది, ఆయన వైపు 21 మందే. మే 2న జరిగిన సమావేశంలో కమిటీల అధ్యక్ష పదవులన్నీ తమవారికే దక్కేలా మార్పులు చేయాలని ఆ 29 మంది సిద్ధపడి వచ్చారు. మేయర్ సభాధ్యక్షుడి హోదాలో సభ వాయిదా పడిందని ప్రకటించి, తన మద్దతుదారులతో కలిసి బయటికి నడిచారు. మిగిలిన 29 మంది కదలలేదు. కోరం, అంటే సభ చెల్లడానికి కావలసిన కనీస హాజరు ఉంది, మేయర్ లేనప్పుడు సభను నడపవలసిన తాత్కాలిక అధ్యక్షుడు వారిలోనే ఉన్నారు, ఆయనే ఎడ్వర్డ్ వ్రడోలియాక్. ఆయన పీఠం ఎక్కారు, వారు అనుకున్నదంతా ఓటు వేసి ఆమోదించుకున్నారు. వివాదం కోర్టుకెక్కింది, ఆ 29 మంది చేసిన నిర్ణయాలు నిలిచాయి.

ఆ మెజారిటీ ఉద్దేశాలు ఎలాంటివన్నది వేరే చర్చ. నగరాన్ని జాతి ప్రాతిపదికన చీల్చిన ఆ రాజకీయాలను సమర్థించడం నా ఉద్దేశం కాదు. సభాధ్యక్షుడి అధికారం గురించి ఈ ఘటన తేల్చిన విషయం ముఖ్యమైనది. వాయిదా అన్నది సభ తీసుకునే నిర్ణయం. అధ్యక్షుడు దాన్ని ప్రకటిస్తాడు. సభ కోరకుండా దాన్ని సృష్టించలేడు, నియమావళి ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన అత్యవసర పరిస్థితుల్లో తప్ప. అధ్యక్షుడు లేచి వెళ్లిపోయినా సభ సభగానే మిగులుతుంది, ఎందుకంటే సభ ఉనికి కోరం మీద ఆధారపడుతుంది, పీఠం మీద కూర్చున్న మనిషి మీద కాదు.

ఆ కథకు రెండో అంకం కూడా ఉంది. వార్డుల పునర్విభజనపై ఫెడరల్ కోర్టు తీర్పు తర్వాత 1986లో ఏడు వార్డుల్లో ప్రత్యేక ఎన్నికలు జరిగాయి, కౌన్సిల్ బలాబలాలు 25కు 25 అయ్యాయి. మూడేళ్లుగా ఏమీ చేయలేకపోయిన మేయర్‌కు అప్పుడు నిర్ణాయక ఓటు అక్కరకొచ్చింది, కమిటీలు ఆయన వర్గం చేతికి వచ్చాయి. 29 మంది ఎదురున్నప్పుడు పీఠం ఏమీ చేయలేకపోయింది, తూకం సరిసమానమైన రోజున అదే పీఠం సభ దిశను మార్చింది.

నిర్ణాయక ఓటు: సమానత్వం వచ్చిన వేళ

ఓట్లు సమానమైతే ఏం జరగాలన్నదానికి ఒక్కో వ్యవస్థ ఒక్కో జవాబు చెప్పుకుంది, ఆ జవాబును బట్టే అక్కడ సభాధ్యక్షుడిని ఎలాంటి మనిషిగా ఊహించారో తెలుస్తుంది. జపాన్ స్థానిక స్వపరిపాలన చట్టం ప్రకారం సభాధ్యక్షుడికి సాధారణ నిర్ణయాల్లో సభ్యుడిగా ఓటు లేదు, ఓట్లు సమానమైనప్పుడు మాత్రమే తేల్చే అధికారం ఉంది. ఇంగ్లండ్‌లో అధ్యక్షుడు సభ్యుడిగా ముందు ఓటు వేయవచ్చు, సమానమైతే రెండో ఓటు కూడా వేయవచ్చు. అంటే ఒకే మనిషి ఒకే ప్రశ్నపై రెండుసార్లు లెక్కలోకి వస్తారు. ఫ్రాన్స్‌లో రహస్య ఓటింగ్ కానప్పుడు అధ్యక్షుడు మొగ్గిన వైపే గెలుస్తుంది. నెదర్లాండ్స్‌లో పీఠానికి ఓటే లేదు గనుక, సభ్యులందరూ హాజరై ఉండగా ఓట్లు సమానమైతే ప్రతిపాదన వీగిపోతుంది, అందరూ లేకపోతే తదుపరి సమావేశానికి వాయిదా పడుతుంది.

ఈ నాలుగింటిలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది రెండు ఓట్ల పద్ధతి. నిష్పాక్షికంగా ఉండమని ఒక చేత్తో చెప్పి, ఒక పక్షానికి రెట్టింపు బరువు మరో చేత్తో ఇవ్వడం అది. ఈ ఇబ్బందిని తగ్గించడానికి బ్రిటన్ పార్లమెంటులో స్పీకర్ జాన్ ఎవెలిన్ డెనిసన్ పేరిట ఒక ఆచారం స్థిరపడింది. 1867లో ఆయన పాటించిన సూత్రం స్థూలంగా ఇది: ఇంకా చర్చకు అవకాశం ఉంటే ఆ చర్చ కొనసాగేలా ఓటు వేయాలి, చర్చకు అవకాశం లేకపోతే ఉన్న స్థితి మారకుండా ఓటు వేయాలి, ఎందుకంటే మార్పుకు సభలో మెజారిటీ దొరకలేదు, లేని మెజారిటీని పీఠం తయారుచేయకూడదు. నగర సభలకు ఈ ఆచారాన్ని పాటించవలసిన చట్టబద్ధమైన బాధ్యత లేదు. చాలామంది అధ్యక్షులు తమ పార్టీ వైపే నిర్ణాయక ఓటు వేస్తారు, అది నియమ విరుద్ధమూ కాదు. ఓటర్లు తమకు ఇచ్చిన బాధ్యత ప్రకారం ఓటు వేయాలనే వాదనలో బలం ఉంది. అయినా పార్కు స్థలాన్ని అమ్మేయడం వంటి, తిరిగి సరిదిద్దుకోలేని నిర్ణయం ఒక్క ఓటుపై ఆగినప్పుడు డెనిసన్ చూపిన దారిలో ఎక్కువ వివేకం ఉందని నేను నమ్ముతాను. అమ్మకపోతే వచ్చే నెల మళ్లీ చర్చించవచ్చు. అమ్మేశాక ఆ అవకాశం ఉండదు.

రూలింగ్ ఇచ్చాక

సభలో ఎవరైనా ‘పాయింట్ ఆఫ్ ఆర్డర్’ అని లేచినప్పుడు మిగతా చర్చ ఆగిపోతుంది. నియమం ఉల్లంఘన జరిగిందా లేదా అని అధ్యక్షుడు అక్కడికక్కడే తేల్చాలి; ఆ తీర్పునే రూలింగ్ అంటారు. అధ్యక్షుడి పనిలో న్యాయమూర్తి పనికి దగ్గరగా వచ్చేది ఇదే, ఇక్కడే రెండు సంప్రదాయాలు స్పష్టంగా విడిపోతాయి.

బ్రిటిష్ సంప్రదాయంలోని అనేక కౌన్సిళ్ల నియమావళి, అధ్యక్షుడి రూలింగ్ అంతిమం, దాన్ని ఆ సమావేశంలో ప్రశ్నించరాదు అంటుంది. వేగం, క్రమశిక్షణ దాని బలం. అమెరికన్ సంప్రదాయం వేరే దారి పట్టింది. దాని వెనుక సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనుభవం ఉంది. 1863లో ఒక చర్చి సమావేశానికి అధ్యక్షత వహించమని కోరితే, సభ నడిపే పద్ధతి తెలియకుండానే ఒప్పుకున్న ఆయన, ఆ సమావేశం అదుపు తప్పడంతో ఎంతో ఇబ్బంది పడ్డారు; ఆ తర్వాత ఏళ్ల తరబడి అధ్యయనం చేసి 1876లో సభా నియమాల సంకలనాన్ని ప్రచురించారు. ఆ సంప్రదాయంలో అధ్యక్షుడి రూలింగ్‌తో విభేదించే సభ్యుడు, మరొకరు బలపరిస్తే, సభకే అప్పీలు చేయవచ్చు. అప్పుడు మెజారిటీ ఓటు అధ్యక్షుడి రూలింగ్‌ను తలకిందులు చేయగలదు. ఓట్లు సమానమైతే రూలింగే నిలుస్తుంది, ఎందుకంటే దాన్ని కొట్టివేయడానికి మెజారిటీ కావాలి. అధ్యక్షుడిని గౌరవించడం, అధ్యక్షుడి తప్పును సరిదిద్దడం ఒకేసారి సాధ్యమయ్యే ఏర్పాటు ఇది. దీనిలో లోపమూ ఉంది: మెజారిటీ పక్షం తనకు నచ్చని ప్రతి రూలింగ్‌నూ ఓటుతో కొట్టేస్తే నియమావళికే విలువ పోతుంది, మైనారిటీ సభ్యులకు పీఠం ఇవ్వగలిగిన రక్షణ మిగలదు. అందుకే, నియమం స్పష్టంగా ఉండి రెండో అర్థానికి తావే లేనిచోట అప్పీలు చెల్లదన్న షరతు కూడా ఆ సంప్రదాయంలోనే ఉంది.

ఏ సంప్రదాయంలోనైనా రూలింగ్‌తో పాటు కారణం చెప్పే అధ్యక్షుడికి సభలో పట్టు పెరుగుతుంది. ‘కూర్చోండి’ అనడం కంటే, ‘ఈ సవరణ తీర్మానం పరిధి దాటి కొత్త అంశాన్ని తెస్తోంది కాబట్టి అనుమతించడం లేదు, కొత్త తీర్మానంగా నోటీసు ఇవ్వవచ్చు’ అనడానికి పట్టే సమయం పది క్షణాలు ఎక్కువ. ఓడిన సభ్యుడికి తాను ఎందుకు ఓడాడో, తర్వాత ఏం చేయవచ్చో ఆ పది క్షణాల్లో తెలుస్తుంది. మూజువాణీ ఓటు, అంటే సభ్యులు గొంతెత్తి అవును, కాదు అనడాన్ని బట్టి తేల్చే ఓటు విషయమూ అంతే. ‘అవునన్నవారిదే గెలుపు’ అని ప్రకటించాక ఎవరైనా లెక్క కోరితే, చేతులెత్తించి లేదా పేర్లు పిలిచి లెక్కించడం అధ్యక్షుడికి అవమానం కాదు, విధి. సందడిలో మూజువాణీతో కీలక తీర్మానాలు దాటించడం ఎక్కడ అలవాటుగా మారినా, సభ్యుల్లో ఎవరు ఏ వైపు నిలిచారో ఓటర్లకు తెలిసే మార్గం అక్కడ మూసుకుపోతుంది.

క్రమశిక్షణ విషయంలో అధ్యక్షుడి ముందు సభ్యులే కాదు, గ్యాలరీలోని పౌరులూ ఉంటారు. అమెరికాలోని శాంటాక్రజ్ నగర కౌన్సిల్‌లో 2002లో ఒక పౌరుడు అధ్యక్ష స్థానం వైపు మౌనంగా నాజీ తరహా వందనం చేశాడు. అతడిని సభ నుంచి పంపించి, అరెస్టు చేశారు. ఆ వివాదంలో 2010లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, ‘ఆటంకం’ అంటే ఏమిటో నగరం తన ఇష్టం వచ్చినట్టు నిర్వచించుకోవడానికి వీల్లేదని, సభ నిజంగా ఆటంకపడి ఉండాలని చెప్పింది. ఇది ఒక దేశపు రాజ్యాంగం వెలుగులో వచ్చిన మాట అయినా, అధ్యక్షుడు తనను తాను వేసుకోవలసిన ప్రశ్నను అది సరిగ్గా పట్టుకుంది. సభ పని ఆగిందా, లేక నాకు అవమానం అనిపించిందా? ఈ రెండింటి మధ్య తేడా చూడలేనివారు గ్యాలరీని ఖాళీ చేయించడానికి తొందరపడతారు.

అధ్యక్షుడు లేని సభకు అధ్యక్షత

అధ్యక్షుడిని ఎన్నుకోవడానికి సమావేశమైన సభకు ఎవరు అధ్యక్షత వహించాలి? చిన్న సాంకేతిక ప్రశ్నలా కనిపించే ఈ విషయమే పెద్ద వివాదాలకు దారితీసింది. ఇంగ్లండ్‌లో దిగిపోతున్న అధ్యక్షుడు ఆ ఎన్నికను నడుపుతారు, ఓట్లు సమానమైతే తేల్చే ఓటు కూడా వారిదే. భారతదేశంలోని నగర పాలక సంస్థల్లో ఆ ఒక్క ఎన్నిక కోసం వేరొక ప్రిసైడింగ్ అధికారిని నియమించే పద్ధతి ఉంది. పదవీకాలం కొన్ని గంటలే అయినా ఆ కొన్ని గంటల్లో చేతిలో ఉండే అధికారం తక్కువది కాదు.

2022 డిసెంబరు ఎన్నికల తర్వాత ఢిల్లీ నగర పాలక సంస్థలో మేయర్ ఎన్నిక కోసం పిలిచిన మూడు సమావేశాలు గందరగోళంలో ముగిశాయి. నామినేటెడ్ సభ్యులు ఓటు వేయవచ్చా అన్నదే ప్రధాన వివాదం. 74వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 243ఆర్ అధికరణం, ప్రత్యేక పరిజ్ఞానం లేదా అనుభవం కారణంగా నామినేట్ అయినవారికి మున్సిపాలిటీ సమావేశాల్లో ఓటు హక్కు లేదంటుంది. 2023 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ మాటనే ధ్రువీకరించి, ముందు మేయర్ ఎన్నిక జరగాలని, ఎన్నికైన మేయరే తర్వాతి ఎన్నికలకు అధ్యక్షత వహించాలని ఆదేశించింది. ఫిబ్రవరి 22న ఎన్నిక పూర్తయింది. మరుసటి ఏడాది చండీగఢ్‌లో జరిగింది మరింత తీవ్రమైనది. 2024 జనవరి 30న పోలైన 36 ఓట్లలో ఎనిమిదింటిని ప్రిసైడింగ్ అధికారి చెల్లనివిగా ప్రకటించి, 12 ఓట్లపై 16 ఓట్లతో ఒక అభ్యర్థిని విజేతగా ప్రకటించారు. ఆ అధికారే బ్యాలెట్లపై గీతలు పెట్టడం వీడియోలో నమోదైంది. ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు ఆ ఎనిమిది ఓట్లనూ చెల్లేవిగా లెక్కించి, 20 ఓట్లు వచ్చిన అభ్యర్థిని మేయర్‌గా ప్రకటించింది. ఓట్లను లెక్కించే చేతికీ ఓట్లను తయారుచేసే చేతికీ మధ్య గీత ఎక్కడుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం.

అధ్యక్ష స్థానంలో ఎవరిని కూర్చోబెట్టాలన్నది సభ తేలిగ్గా తీసుకోకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని నగరాల్లో మేయర్ పదవి హఠాత్తుగా ఖాళీ అయితే ఆ బాధ్యత సభాధ్యక్షుడి మీద పడుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1978 నవంబరు 27న మేయర్ జార్జ్ మాస్కోనీ హత్యకు గురైనప్పుడు, నగర సభ అయిన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ అధ్యక్షురాలు డయాన్ ఫైన్‌స్టైన్ ఆ రోజే తాత్కాలిక మేయర్ బాధ్యత తీసుకున్నారు. ఉదయం సభా నియమాలు చూసుకోవలసిన మనిషి సాయంత్రానికి దుఃఖంలో మునిగిన నగరానికి ధైర్యం చెప్పవలసి వచ్చింది.

అధ్యక్షుడికి తన అభిప్రాయం ఉండదా అన్న ప్రశ్న తరచూ వస్తుంది. ఉంటుంది, తన వార్డు ప్రజలు ఎన్నుకున్న సభ్యుడే కదా. దీనికి మంచి సభలు పాటించే పద్ధతి సరళమైనది. ఒక అంశంపై గట్టిగా వాదించదలచిన అధ్యక్షుడు పీఠాన్ని ఉపాధ్యక్షుడికి అప్పగించి, కిందికి దిగి, మిగతా సభ్యుల మధ్య కూర్చుని, తానూ ‘అధ్యక్షా’ అని మొదలుపెట్టి మాట్లాడతాడు. ఆ అంశం తేలేదాకా తిరిగి పీఠం ఎక్కడు. పదిపన్నెండు మంది ఉండే చిన్న మండళ్లలో ఇంత లాంఛనం అక్కర్లేదని, అక్కడ అధ్యక్షుడు కూర్చున్నచోటి నుంచే చర్చలో పాల్గొనవచ్చని రాబర్ట్ సంప్రదాయం ఒప్పుకుంటుంది. వందమంది ఉన్న సభలో ఆ వెసులుబాటు ఇస్తే, వాదన విన్నవారెవరూ తర్వాత వచ్చే రూలింగ్‌ను రూలింగ్‌గా వినరు.

సమావేశం ముగిశాక మిగిలే పని మినిట్స్, అంటే సభలో జరిగినదాని రాతపూర్వక నమోదు. ఇంగ్లండ్ చట్టం ప్రకారం వాటిపై అదే సమావేశంలోగాని తర్వాతి సమావేశంలోగాని అధ్యక్షత వహిస్తున్నవారు సంతకం చేయాలి. సంతకం పడిన మినిట్స్‌ను వేరే రుజువు లేకుండానే సాక్ష్యంగా స్వీకరిస్తారు. సంతకం చేసేది ఆ రోజు పీఠంపై ఎవరుంటే వారు. కిందటి సమావేశంలో అధ్యక్షత వహించినవారే కానక్కర్లేదు. సంతకానికి ముందు సభను అడిగే ప్రశ్న ఒక్కటే, నమోదు సరిగ్గా ఉందా అని. ఆ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేసి ఓడిపోయిన సభ్యుడు కూడా ఆ ప్రశ్నకు అవునని చెప్పగలగాలి. చెప్పాక, తీర్మానంతో తాను ఏకీభవించకపోయినా, అధ్యక్షులు కలం తీసి సంతకం పెడతారు.